రహీమీ తీర్పు వచ్చాక కూడా అమెరికా తుపాకీ చట్టాలపై కింది కోర్టులు ఎందుకు చీలిపోతున్నాయి?

ప్రశ్న: ట్రినిటీ తీరవాసి (డాలస్)

నమస్కారం. నేను గ్రీన్ కార్డు మీద టెక్సాస్‌లో ఉంటున్నాను. న్యాయవాదిని కాను, ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పులను ఆసక్తి కొద్దీ చదువుతూ ఉంటాను. గృహహింస కేసులో ఎవరికి వ్యతిరేకంగా కోర్టు రక్షణ ఉత్తర్వు జారీ చేసిందో ఆ వ్యక్తి తుపాకీ కలిగి ఉండరాదన్న ఫెడరల్ నిబంధనను 2024 జూన్ 21న రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో సమర్థించింది. అంత పెద్ద మెజారిటీ చూసి ఇక ఈ వివాదం చాలావరకు ముగిసిందనుకున్నాను. కానీ ఎవరెవరు తుపాకీ కలిగి ఉండరాదో చెప్పే అదే ఫెడరల్ సెక్షన్‌లో, అంటే 922(జి)లో, నేరం రుజువైనవారికి, మాదకద్రవ్యాలు వాడేవారికి ఉన్న నిషేధాలను కొన్ని అప్పీలు కోర్టులు పూర్తిగా నిలబెడుతుంటే, మరికొన్ని ఫలానా వ్యక్తి విషయంలో చెల్లవని అంటున్నాయి.

రాజ్యాంగం ఒక్కటే, రెండవ సవరణ ఒక్కటే, పైనుంచి వచ్చిన తీర్పు కూడా ఒక్కటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తోంది? తుపాకీ నియంత్రణ చట్టాన్ని కోర్టులో సవాలు చేసినప్పుడు న్యాయమూర్తి అసలు ఏమి పరిశీలిస్తారు? తీర్పులు చదివినవారు వివరిస్తే కృతజ్ఞుణ్ణి. తుపాకులు మంచివా చెడ్డవా అన్న చర్చకు దిగవద్దని మాత్రం మనవి.

జవాబు: గుంటూరు ప్లీడరు

మీ ప్రశ్నకు రహీమీతో మొదలుపెడితే జవాబు దొరకదు, కొంచెం వెనక్కి వెళ్లాలి.

1791లో ఆమోదం పొందిన రెండవ సవరణ ఒకే ఒక్క వాక్యం. అందులో మొదటి సగం చక్కగా క్రమబద్ధం చేసిన పౌరసైన్యం గురించి, రెండవ సగం ఆయుధాలు కలిగి ఉండటానికీ ధరించడానికీ ప్రజలకున్న హక్కు గురించి చెబుతాయి. ఆ హక్కు పౌరసైన్యంతో ముడిపడినదా, లేక ప్రతి వ్యక్తికీ విడిగా ఉన్నదా అన్నది దాదాపు రెండు శతాబ్దాలపాటు సుప్రీంకోర్టు సూటిగా తేల్చని విషయం. 1939 నాటి మిల్లర్ కేసులో, గొట్టం కురచ చేసిన షాట్‌గన్‌కు పౌరసైన్యం అవసరాలతో సంబంధం ఉన్నట్లు చూపలేదు కాబట్టి దానికి రక్షణ లేదని చెప్పి ఊరుకున్నారు.

2008లో వచ్చిన హెల్లర్ తీర్పు ఈ స్థితిని మార్చింది. వాషింగ్టన్ నగరంలో 1976 నుంచి అమలులో ఉన్న చేతితుపాకుల నిషేధాన్ని 5-4తో కొట్టివేస్తూ, ఇంట్లో ఆత్మరక్షణ కోసం తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని జస్టిస్ స్కాలియా రాశారు. ఆ దావా వేసినవారు మొత్తం ఆరుగురు. దానికి డబ్బు పెట్టింది జీవితంలో ఎన్నడూ తుపాకీ కొనని రాబర్ట్ లెవీ అనే న్యాయవాది. ఆరుగురిలో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసుకుని, అది తిరస్కరణకు గురైనవాడు హెల్లర్ ఒక్కడే కావడంతో, అతనికి మాత్రమే దావా వేసే అర్హత ఉందని అప్పీలు కోర్టు మిగతావారిని పక్కన పెట్టింది. చట్టం మీద అభ్యంతరం ఉన్నంత మాత్రాన అక్కడి కోర్టు తలుపు తెరుచుకోదు. ఆ చట్టం వల్ల తనకు ఫలానా నష్టం జరిగిందని చూపగలిగినవాడికే తెరుచుకుంటుంది. ఈ విషయం తరువాతి కేసులన్నింటికీ వర్తిస్తుంది కాబట్టి గుర్తుంచుకోండి. 2010లో మెక్‌డొనాల్డ్ కేసులో ఇదే హక్కును పద్నాలుగవ సవరణ ద్వారా రాష్ట్రాలకూ నగరాలకూ వర్తింపజేశారు.

అయితే హెల్లర్ తీర్పులోనే స్కాలియా ఒక జాగ్రత్త వాక్యం చేర్చారు: నేరస్తులకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి చిరకాలంగా ఉన్న నిషేధాలనూ, పాఠశాలలు, ప్రభుత్వ భవనాల వంటి సున్నిత ప్రదేశాల నిషేధాలనూ, అమ్మకాలపై షరతులనూ తాము ప్రశ్నించడం లేదని. ఎందుకు ప్రశ్నించడం లేదో కారణం చెప్పలేదు. ఈ రోజు జరుగుతున్న గొడవలో సగానికి మూలం ఆ చెప్పని కారణమేనని నా అభిప్రాయం.

తరువాతి పన్నెండు, పదమూడేళ్లు అప్పీలు కోర్టులు రెండంచెల పద్ధతిని పాటించాయి. ముందు చట్టం ఈ హక్కును తాకుతోందా అని చూసేవారు. తాకితే, ప్రభుత్వ ప్రయోజనం ఎంత, హక్కుకు కలిగే భారం ఎంత అని తూచేవారు. చాలా చట్టాలు ఆ తూకంలో నిలబడిపోయాయి.

2022 జూన్ 23న బ్రూయెన్ తీర్పు ఆ తూకాన్నే తీసివేసింది. బహిరంగంగా తుపాకీ వెంట ఉంచుకోవడానికి లైసెన్సు కావాలంటే ఇతరులకు లేని ప్రత్యేక అవసరాన్ని నిరూపించుకోవాలన్న న్యూయార్క్ చట్టాన్ని 6-3తో కొట్టివేస్తూ, రెండంచెలలో ఒక అంచె ఎక్కువైందని జస్టిస్ థామస్ రాశారు. ఇప్పుడున్న సూత్రం ఇది: పౌరుడు చేయదలచిన పని రెండవ సవరణ పాఠంలోకి వస్తే దానికి రాజ్యాంగ రక్షణ ఉన్నట్లే భావించాలి, దాన్ని నియంత్రించే చట్టం అమెరికా చారిత్రక నియంత్రణ సంప్రదాయానికి అనుగుణంగా ఉందని నిరూపించే భారం ప్రభుత్వానిదే. ప్రజాభద్రత గణాంకాలు ఎన్ని చూపినా అవి ఈ ప్రశ్నకు జవాబు కావు.

మన సివిల్ కోర్టుల్లో భూమి దావాకు అరవై ఏళ్ల నాటి అడంగల్ తెమ్మన్నట్లుగా, ప్రభుత్వం రెండు శతాబ్దాల నాటి చట్టాన్ని వెతికి తేవాలి. రికార్డు దొరకనంత మాత్రాన పొలం లేనట్లు కాదని అక్కడి ప్రభుత్వ న్యాయవాదులు మొత్తుకుంటూనే ఉన్నారు.

ఈ పద్ధతి మొదటిసారి గట్టిగా పరీక్షకు నిలిచింది రహీమీలోనే. 1791లో భార్యను కొట్టినవాడి చేతిలోంచి తుపాకీ లాక్కునే చట్టం ఎక్కడా లేదు. ఆ నిషేధం 1994లో వచ్చినది. అలాంటి పాత చట్టం లేదు కనుక ఇదీ చెల్లదని అయిదవ సర్క్యూట్ (టెక్సాస్ మీద అధికారం ఉన్న ఫెడరల్ అప్పీలు కోర్టు; ఇలాంటి ప్రాంతీయ అప్పీలు కోర్టులను సర్క్యూట్లంటారు) 2023లో తేల్చింది. ఆనాటి చట్టసభల్లో స్త్రీలకు గొంతే లేనప్పుడు అలాంటి చట్టం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఆ తీర్పును తిప్పికొడుతూ, అచ్చంగా అదే చట్టం చూపనక్కరలేదని, పాత చట్టాల వెనుక ఉన్న సూత్రంతో పొంతన కుదిరితే చాలని అన్నారు. ఇతరులకు హాని చేస్తాడన్న అనుమానం ఉన్నవాడి దగ్గర పూచీకత్తు తీసుకునే చట్టాలు, ఆయుధాలతో తిరిగి జనాన్ని భయపెట్టేవాడిని శిక్షించే చట్టాలు ఆనాడు ఉండేవి. ఈ రెండింటినీ కలిపి చూస్తే, మరొకరి శారీరక భద్రతకు ముప్పుగా కోర్టు నిర్ధారించిన వ్యక్తిని తాత్కాలికంగా నిరాయుధుణ్ణి చేయవచ్చన్న సూత్రం కనిపిస్తుందని తేల్చారు. ఏకైక భిన్నాభిప్రాయం ఎవరిదో తెలుసా? బ్రూయెన్ రాసిన జస్టిస్ థామస్‌దే.

చీలిక ఇక్కడే పుట్టింది. సూత్రం చూస్తే చాలన్నప్పుడు, ఆ సూత్రాన్ని ఎంత విశాలంగా చెప్పాలి? ‘ప్రమాదకారిని నిరాయుధుణ్ణి చేయవచ్చు’ అంటే ఒక ఫలితం వస్తుంది. ‘చట్టసభ ప్రమాదకరమని భావించిన వర్గాన్ని మొత్తంగా నిరాయుధం చేయవచ్చు’ అంటే మరొక ఫలితం వస్తుంది. సూత్రాన్ని మరీ విశాలంగా చదివితే హక్కు పలచబడిపోతుందని జస్టిస్ బారెట్ మెజారిటీతో ఏకీభవిస్తూ విడిగా రాసిన సమ్మతి తీర్పులో హెచ్చరించారు కానీ, గీత ఎక్కడ గీయాలో ఆమె కూడా చెప్పలేదు.

జవాబు: అప్పీలు గుమాస్తా (ఒహాయో)

ప్లీడరు గారు చెప్పినదానికి ఒక అంశం చేర్చాలి. అది లేకపోతే రహీమీ 8-1 అంకె తప్పుదారి పట్టిస్తుంది. నేను ఇక్కడ క్రిమినల్ అప్పీళ్లు చూసే న్యాయవాద కార్యాలయంలో పనిచేస్తున్నాను. బ్రూయెన్ తరువాత మా దగ్గరకు వచ్చే ఫైళ్లలో 922(జి) సవాళ్లు బాగా పెరిగాయి.

చట్టాన్ని సవాలు చేయడానికి రెండు దారులున్నాయి. చట్టం ఎవరికి వర్తింపజేసినా చెల్లదని వాదించడం ఒకటి, దీన్ని ఫేషియల్ సవాలు అంటారు. చట్టం మిగతావారికి చెల్లినా నా విషయంలో చెల్లదని వాదించడం రెండవది, ఇది యాజ్-అప్లైడ్ సవాలు. మొదటి దారిలో గెలవడం అత్యంత కష్టం: 1987 నాటి సలెర్నో తీర్పు ప్రకారం, ఏ ఒక్క సందర్భంలోనైనా చట్టం రాజ్యాంగబద్ధంగా వర్తిస్తే సవాలు వీగిపోతుంది. రహీమీ ఎంచుకున్నది ఈ మొదటి దారినే. పైగా అతని కేసు వాస్తవాలు అతనికే ఎదురు తిరిగేవి. అందుకే, ముప్పు ఉందని కోర్టు నిర్ధారించిన సందర్భాల్లో ఈ నిబంధన చెల్లుతుందని చెబితే రాబర్ట్స్‌కు సరిపోయింది. మిగతా సందర్భాలను ఆయన తాకలేదు. బాధ్యతాయుతులు కానివారిని నిరాయుధం చేయవచ్చన్న ప్రభుత్వ వాదనను మాత్రం, ఆ మాటకు స్పష్టమైన హద్దు లేదంటూ తోసిపుచ్చారు.

కాబట్టి ఇప్పుడు న్యాయవాదులందరూ రెండవ దారి పట్టారు. 922(జి)(1)నే తీసుకోండి. ఏడాదికి మించి జైలుశిక్ష పడదగిన నేరం రుజువైనవారెవరూ జీవితాంతం తుపాకీ కలిగి ఉండరాదని అది చెబుతుంది. 1938 నాటి చట్టంలో ఈ నిషేధం హింసాత్మక నేరాలకే పరిమితం. అహింసాత్మక నేరాలకు దాన్ని విస్తరించింది 1961లో. హెల్లర్ చెప్పిన ‘చిరకాలంగా’ అన్న మాటకు 1961 ఏపాటి చిరకాలమని సవాలు చేసేవారు అడిగినప్పుడు ప్రభుత్వ పక్షం కొంత ఇబ్బంది పడుతుంది.

పెన్సిల్వేనియా నుంచి వచ్చిన రేంజ్ కేసులో పిటిషనర్ చేసిన నేరం, 1995లో ఫుడ్ స్టాంపుల (పేదలకు ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) కోసం ఆదాయం తప్పుగా చూపడం. అతనికి జైలుశిక్ష కూడా పడలేదు. అతని విషయంలో నిషేధం చెల్లదని మూడవ సర్క్యూట్ పూర్తి ధర్మాసనం 2023లో చెప్పింది. రహీమీ వెలుగులో మళ్లీ చూడమని సుప్రీంకోర్టు తిప్పి పంపితే, 2024 డిసెంబరులో మళ్లీ అదే మాట చెప్పింది. ఇందుకు పూర్తి వ్యతిరేకంగా, లాస్ ఏంజెలెస్ తన పరిధిలోకి వచ్చే తొమ్మిదవ సర్క్యూట్ 2025 మేలో డువార్టే కేసులో, నేరం హింసాత్మకమా కాదా అని ఒక్కొక్కరి విషయంలో విడివిడిగా చూడనవసరం లేదని తేల్చింది. మా ఆరవ సర్క్యూట్‌ది మధ్యేమార్గం. నిషేధం సాధారణంగా చెల్లుతుంది కానీ, తాను ప్రమాదకారిని కానని నిరూపించుకునే అవకాశం వ్యక్తికి ఉండాలని 2024లో విలియమ్స్ కేసులో చెప్పింది. మూడు కోర్టులూ ఉదహరించేది రహీమీనే. అదే మనిషి ఫిలడెల్ఫియాలో ఉంటే తుపాకీ కొనుక్కోగలడు, లాస్ ఏంజెలెస్‌లో ఉంటే ఫెడరల్ జైలుకు వెళ్లే ప్రమాదం ఉంది. 2022 నుంచి ఈ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష పదిహేనేళ్లు.

ఇంకొక మాట. ప్లీడరు గారు పాత తూకం పద్ధతిని కొంత మెచ్చుకుంటున్నట్లు అనిపించింది. వారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆ తూకంలో ముల్లు ఎప్పుడూ ప్రభుత్వం వైపే మొగ్గేది. హక్కు కాగితం మీద, నిషేధం నేల మీద అన్నట్లుండేది. చరిత్ర పద్ధతిలో లోపాలున్నాయి నిజమే, కానీ ప్రభుత్వం చేత సమాధానం చెప్పించింది మొదటిసారి ఆ పద్ధతే.

జవాబు: ఎడిసన్ వాసి

చర్చ ఉన్నత స్థాయిలో సాగుతోంది. ఇది చదువుతున్న మన వాళ్లలో చాలామంది వీసాల మీద ఉన్నవారే కాబట్టి వారికి నేరుగా తగిలే విషయం ఒకటి చెబుతాను.

922(జి)(5) ప్రకారం చట్టవిరుద్ధంగా ఉంటున్నవారికే కాదు, నాన్-ఇమిగ్రెంట్ వీసాపై ప్రవేశించినవారికీ తుపాకీ నిషేధమే. అంటే హెచ్-1బి, ఎఫ్-1 కూడా అందులోకి వస్తాయి. వీసాదారుల మాట 1998లో చేర్చారు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. అయితే తుపాకీ నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపివేయవచ్చు.

విద్యార్థులు తెలుసుకోదగిన కేసు రెహైఫ్. ఎఫ్-1 వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన ఒక విద్యార్థిని మార్కులు రాక విశ్వవిద్యాలయం తొలగించింది. ఆ తరువాత అతను షూటింగ్ రేంజికి వెళ్లి కాల్పులు సాధన చేశాడు. అంతటితో కేసు పడింది. 2019లో సుప్రీంకోర్టు 7-2తో, తన దగ్గర తుపాకీ ఉందని తెలిస్తే చాలదు, తాను నిషేధిత వర్గంలో ఉన్నానని కూడా నిందితుడికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని చెప్పింది. ఇది రాజ్యాంగాన్ని కాక చట్టంలోని మాటలను వ్యాఖ్యానించిన తీర్పు. స్నేహితులతో సరదాగా రేంజికి వెళ్లే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒక మాట అడగండి.

రాజ్యాంగ ప్రశ్న మాత్రం వేరుగా ఉంది: రెండవ సవరణలోని ‘ప్రజలు’ అన్న వర్గంలో విదేశీయులు ఉన్నారా? పత్రాలు లేనివారు అందులోకి రారని 2011లో అయిదవ సర్క్యూట్, రావచ్చునని 2015లో ఏడవ సర్క్యూట్ చెప్పాయి. వస్తారన్న ఏడవ సర్క్యూట్ కూడా చివరికి నిషేధాన్ని సమర్థించింది.

ట్రినిటీ తీరవాసి

అందరికీ ధన్యవాదాలు. ఫేషియల్, యాజ్-అప్లైడ్ తేడా తెలియడంతో నా సందేహంలో పెద్ద భాగం తీరింది. అయితే చరిత్ర విషయంలో ఒక చిక్కు మిగిలింది. హవాయి కేసులో ఆ రాష్ట్రం 1865 నాటి లూసియానా చట్టాన్ని ఆధారంగా చూపిందని, అది అప్పుడే విముక్తి పొందిన నల్లజాతివారిని అణచడానికి చేసినదని చదివాను. అలాంటి చట్టం కూడా ‘సంప్రదాయం’ అవుతుందా? ఏ పాత చట్టం లెక్కలోకి వస్తుందో, ఏది రాదో ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు: గుంటూరు ప్లీడరు

మంచి ప్రశ్న. ముందు గుమాస్తా గారికి: తూకం పద్ధతి ప్రభుత్వానికి అనుకూలంగా ఉండేదన్నది నేను కాదనను. కానీ తూకంలో న్యాయమూర్తి తన కారణాలను బయటపెట్టి తూచేవారు. ఇప్పుడు ఏ శతాబ్దాన్ని చూడాలి, ఏ చట్టం పోలిక అవుతుంది, ఎన్ని పోలికలు చాలు అన్న ఎంపికల్లో ఆ కారణాలు కనబడకుండా పోతున్నాయి. మిసిసిపీలో జిల్లా జడ్జి కార్ల్‌టన్ రీవ్స్ 2022లో ఒక తుపాకీ కేసులో, తాను చరిత్రకారుణ్ణి కాను కాబట్టి కోర్టు తరఫున ఒక చరిత్రకారుణ్ణి నియమించాలా అని ఇరుపక్షాలనూ లిఖితపూర్వకంగా అడిగారు. చివరికి ఆ కేసును నిందితుడి పక్షానే కొట్టివేశారు. ఆ ఉత్తర్వు చదివితే కింది కోర్టుల ఇబ్బంది ఎంతటిదో అర్థమవుతుంది.

ఇక హవాయి సంగతి. వోల్ఫర్డ్ కేసు ఆ రాష్ట్రం 2023లో చేసిన చట్టం మీద వచ్చింది. దుకాణం, హోటలు వంటి ప్రజలకు తెరిచి ఉన్న ప్రైవేటు స్థలంలోకి లైసెన్సు ఉన్నవాడైనా యజమాని స్పష్టంగా అనుమతిస్తేనే తుపాకీతో ప్రవేశించాలి. యజమాని ఏమీ అనకపోతే రాకూడదనే అర్థం. తొమ్మిదవ సర్క్యూట్ దీన్ని సమర్థించింది. న్యూయార్క్‌లోని ఇలాంటి నిబంధనను రెండవ సర్క్యూట్ నిలిపివేసింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు హవాయి కేసును విచారణకు స్వీకరించింది.

హవాయి చూపిన ఆధారాల్లో 1771 నాటి న్యూజెర్సీ చట్టం, మీరన్న 1865 లూసియానా చట్టం ముఖ్యమైనవి. మొదటిది ఇతరుల భూముల్లో దొంగవేటను అరికట్టడానికి చేసినదని, ప్రజలు వచ్చిపోయే దుకాణాలతో దానికి సంబంధం లేదని సవాలు చేసేవారు అంటారు. రెండవది ‘బ్లాక్ కోడ్స్’లో భాగమని, హక్కును హరించడానికే చేసిన చట్టాన్ని ఆ హక్కు హద్దులకు సాక్ష్యంగా తేవడం విడ్డూరమని వాదిస్తారు. నాకు వారి రెండవ అభ్యంతరం బలంగా కనిపిస్తుంది. కానీ అదే వాదనను చివరిదాకా తీసుకువెళితే, క్యాథలిక్కులను, బానిసలను, స్థానిక తెగలను, బ్రిటిష్ రాజుకు విధేయులైనవారిని నిరాయుధం చేసిన పాత చట్టాలనూ పక్కన పెట్టాల్సి వస్తుంది. డువార్టే వంటి తీర్పుల్లో, ప్రమాదకరమని తోచిన వర్గాన్ని మొత్తంగా నిరాయుధం చేసే అధికారం చట్టసభకు ఉందనడానికి ఆసరా అయినవి ఇలాంటి చట్టాలే. ఏ పాత చట్టాన్ని అవతల పారేయాలో చెప్పే కొలబద్ద బ్రూయెన్‌లో గానీ రహీమీలో గానీ లేదు. 1791 నాటి అవగాహనను చూడాలా, పద్నాలుగవ సవరణ వచ్చిన 1868 నాటి అవగాహనను చూడాలా అన్న ప్రశ్నను కూడా బ్రూయెన్ తెరిచే ఉంచింది.

జవాబు: అప్పీలు గుమాస్తా (ఒహాయో)

ప్లీడరు గారి చివరి అంశంతో ఏకీభవిస్తున్నాను. అదే 2025 అక్టోబరులో స్వీకరించిన మరొక కేసు హెమానీ. మాదకద్రవ్యాలు వాడేవారికి ఉన్న 922(జి)(3) నిషేధం మీద వచ్చిన సవాలు ఇది. తుపాకీ పట్టుకున్న సమయంలో మత్తులో లేని వ్యక్తిని, కేవలం అలవాటును బట్టి శిక్షించడం కుదరదన్నది మీ టెక్సాస్ మీద అధికారం ఉన్న అయిదవ సర్క్యూట్ వైఖరి. జో బైడెన్ కుమారుడికి 2024లో డెలావేర్‌లో నేరం రుజువైన సెక్షన్లలో ఇదొకటి. తండ్రి క్షమాభిక్షతో ఆ కేసు ముగిసింది. హెమానీలో నిషేధాన్ని సమర్థిస్తూ వాదించినది మాత్రం తుపాకీ హక్కులకు మద్దతుదారుగా చెప్పుకునే ట్రంప్ ప్రభుత్వమే. కాబట్టి ఈ కేసుల్లో పార్టీని బట్టి పక్షాన్ని ఊహించడం కుదరదు.

రేంజ్ తరహా కేసులు సుప్రీంకోర్టుకు ఎప్పుడు చేరతాయో అంత తేలికగా చెప్పలేను. నిషేధం నుంచి వ్యక్తిగత మినహాయింపు కోరే పాత విధానం ఒకటి చట్టంలో ఉంది. 1992 నుంచి కాంగ్రెస్ దానికి నిధులు ఇవ్వకపోవడంతో మూలపడింది. 2025 మార్చిలో న్యాయశాఖ దాన్ని వేరే దారిలో తిరిగి తెరిచే పని మొదలుపెట్టింది. కోర్టుకు వెళ్లకుండానే మినహాయింపు దొరికే దారి ఉంటే, యాజ్-అప్లైడ్ సవాళ్ల అవసరమే తగ్గిందని ప్రభుత్వం వాదించగలదు. మా కార్యాలయంలో కొందరు కక్షిదారులకు ఇప్పుడు అప్పీలుతో పాటు ఆ దరఖాస్తు గురించి కూడా చెబుతున్నాం.